లండన్ ఎల్ఎల్ఎంకి ముందు రాయగడ కోర్టు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. చిన్న బట్టల కొట్టు ఉంది. మా పాప భువనేశ్వర్‌లో అయిదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతోంది. పరీక్షలవగానే ఇంగ్లండు వెళ్లి ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చేస్తానంటోంది. మధ్యలో గ్యాప్ వస్తే సీటు రాదని విశాఖలో కన్సల్టెన్సీ వాళ్లు భయపెడుతున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి ఇప్పుడే పంపమంటారా, రెండేళ్లు ఇక్కడ పని చేయించమంటారా?

జవాబు: పని చేయించే పంపండి. రోజూ కోర్టుకి వెళ్లే పిల్లకి గ్యాప్ అన్న మాటే వర్తించదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎల్ఎల్ఎం స్థాయిలో ఉండే బీసీఎల్ లాంటి కోర్సులకు మార్కులే ప్రాణం, నిజమే. పాప క్లాసులో మొదటి వరసలో ఉండి, పూర్తి స్కాలర్‌షిప్ చేతికొస్తే ఇప్పుడే పంపండి, నేను అడ్డు చెప్పను. ఇంటి మీద అప్పు తెచ్చి పంపడమైతే మాత్రం తొందర వద్దు.

డిగ్రీ రాగానే ఒడిశా బార్ కౌన్సిల్‌లో అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ చేయించండి. జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసైపోవాలి. దీని విలువ అక్కడికెళ్లాక తెలుస్తుంది. ఇంగ్లండులో సొలిసిటర్ (అక్కడి ఒక రకం లాయర్) కావాలంటే ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్షలతో పాటు రెండేళ్ల పని అనుభవం చూపించాలి. అప్పటికే మన దేశంలో పూర్తి స్థాయి అడ్వొకేట్ అయినవాళ్లకు ఆ రెండేళ్ల షరతు ఉండదు. ఒట్టి ఎల్ఎల్ఎం పట్టాతో అక్కడ లాయర్ అయిపోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

ఒకవేళ తిరిగొచ్చి జడ్జి పరీక్ష రాస్తానన్నా ఈ కాలం వృథా కాదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాన్ని బార్ పరీక్ష పాసవకముందు ఇచ్చే తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కించాలంది.

పని కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఇది నేను గట్టిగా చెబుతాను. మీది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. గిరిజనుల భూమి చేతులు మారకుండా 1956 నాటి రెగ్యులేషన్ ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం మీద 2013లో సుప్రీంకోర్టు నిర్ణయం గ్రామసభలకే వదిలితే, రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లూ గనులు వద్దన్నాయి. పర్యావరణ చట్టం చదవడానికి వచ్చే పిల్లలు ఇలాంటివి పుస్తకాల్లో చదువుతారు. మీ పాప ఆ మనుషుల అర్జీలే రాయగలదు. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన జూనియర్ మీ వైపు ఏ సీనియర్‌కైనా కావాలి. కొంచెం కువి భాష కూడా నేర్చుకుంటే కొండ ఊళ్ల కక్షిదారులు తనతో నేరుగా మాట్లాడతారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూడా పని దొరుకుతుంది. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి కాబట్టి అక్కడ కేసులకు కొదవుండదు.

సీనియర్‌ని ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోకండి. వాయిదా అడిగి రావడానికే పంపే ఆఫీసులో రెండేళ్లున్నా చేతికి ఏమీ అంటదు. ప్లయింటు (దావా పత్రం), అఫిడవిట్ తనచేత రాయించి, ఎర్రసిరాతో దిద్దే మనిషి దగ్గర చేర్పించండి. రేపు యూనివర్సిటీకి నాలుగు నిజమైన మాటలతో సిఫార్సు లేఖ రాయగలిగేది ఆయనే. మొదట్లో డబ్బులు తక్కువే ఉంటాయి, దానికి సిద్ధపడండి. ఒక జాగ్రత్త: బార్‌లో ప్రాక్టీసు చేస్తూ పూర్తికాలం జీతం ఉద్యోగం చెయ్యకూడదు. స్వచ్ఛంద సంస్థలోనో కంపెనీలోనో చేరితే బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీసు ఆపాలి.

ఇక డబ్బు సంగతి. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఫీజు, నెలనెలా ఖర్చులు, విమానం టికెట్టు భరిస్తుంది. దానికి 2,800 గంటల పని, అంటే దాదాపు రెండేళ్లది, చూపించాలి. కోర్సులో తప్పనిసరిగా చేసిన ఇంటర్న్‌షిప్‌లు లెక్కలోకి రావు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అందుకే ఏ తేదీన ఎవరి దగ్గర ఏ పని చేసిందో మొదటి రోజు నుంచే పాపని ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. పోటీ గట్టిగా ఉంటుంది, వస్తుందని మాటివ్వలేను. ఆ ఫలితం తేలేదాకా మాత్రం ఇంటి కాగితాలు బ్యాంకుకి ఇవ్వకండి.