24 ఏళ్లొచ్చినా వయసు రుజువు కావాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ చదవడానికి లండన్ వచ్చాను. నాకు 24 ఏళ్లు, గడ్డం కూడా ఉంది. సూపర్ మార్కెట్‌లో బీరు కొనబోతే ఐడీ అడిగారు, ఆధార్ చూపిస్తే కుదరదన్నారు, వెనక క్యూలో అందరూ నన్నే చూస్తుంటే పరువు పోయినట్టయింది. ఇక్కడ 18 నిండితే చాలు కదా, మనవాళ్లమని ఇలా చేస్తున్నారా?

జవాబు: మనవాళ్లమని కాదులెండి, తెల్లవాళ్లనీ అడుగుతారు. చట్టప్రకారం 18 ఏళ్లే, కానీ మనిషిని చూసి వయసు కచ్చితంగా చెప్పలేం కాబట్టి, 25 లోపు అనిపించిన ప్రతివాళ్లనీ అడగాలని చాలా షాపులు నియమం పెట్టుకున్నాయి. దాన్నే ఛాలెంజ్ 25 అంటారు. స్కాట్లాండ్‌లో అయితే 2011 నుంచి అది చట్టమే. పొరపాటున మైనర్‌కి అమ్మితే కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి మీదే కేసు పడొచ్చు, అందుకే ఎంత బతిమాలినా వినరు. మన దగ్గర ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 21 నిండాలని రూలుంది, వైన్ షాపు కిటికీ దగ్గర అడిగిన పాపాన పోయినవాణ్ని నేనైతే చూడలేదు, అందుకే మీకిది అవమానంలా అనిపించింది.

పాస్‌పోర్ట్ చెల్లుతుంది కానీ బీరు కోసం దాన్ని జేబులో వేసుకు తిరగకండి, పోతే పెద్ద తలనొప్పి. ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్‌కి అప్లై చేయండి, కారు నడపకపోయినా ఫొటో కార్డు ఇస్తారు. అన్నట్టు, పక్కనున్న ఫ్రెండ్‌నీ ఐడీ అడగొచ్చు.