తొలి ప్రతిలోని పాట తుది ప్రతిలో ఎందుకు ఉండదు?

ప్రశ్న: పేరున్న మ్యూజికల్ నాటకాల తొలి ప్రతుల నుండి తీసివేసిన పాటలు ఇప్పుడు రికార్డుల్లో దొరుకుతున్నాయి. వాటిలో కొన్ని, వాటి స్థానంలో వచ్చిన పాటల కంటే నాకు ఎక్కువగా నచ్చాయి. బాగున్న పాటను ఎందుకు తీసివేస్తారు? తొలి ప్రతినీ తుది ప్రతినీ పక్కపక్కన పెట్టుకొని చదివేవారు దేన్ని గమనించాలి?

జవాబు: మీకు నచ్చిన పాట నిజంగానే మంచి పాట కావచ్చు, తీసివేసినవారికి కూడా అది నచ్చే ఉండవచ్చు. రికార్డులో పాట ఒంటరిగా వినిపిస్తుంది. రంగస్థలం మీద మాత్రం దానికి ముందొక సంభాషణ, తరువాత ఒక సన్నివేశం ఉంటాయి. అప్పటికి ప్రేక్షకుడికి కథ కొంత తెలిసి, కొంత తెలియక ఉంటుంది. అందుచేత ప్రతులను పోల్చేవారు పాట కంటే ముందు పాట ఉన్న చోటును చూడాలని నా అభిప్రాయం.

1962లో న్యూయార్క్‌లో ప్రారంభమైన ‘ఎ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్’ విషయమే చూడండి. ప్రాచీన రోమ్‌లో జరిగే ఈ ప్రహసనానికి పాటలు రాసి, బాణీలు కట్టినవారు స్టీఫెన్ సాండ్‌హైమ్. న్యూయార్క్‌కు రాకముందు బయటి ఊళ్లలో ఆడినప్పుడు నాటకం ‘లవ్ ఈజ్ ఇన్ ద ఎయిర్’ అనే సుకుమారమైన పాటతో మొదలయ్యేది. పాటలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే దాన్ని విన్న ప్రేక్షకులు నాజూకైన ప్రేమకథ ఏదో చూడబోతున్నామనుకొని, ఆ వెనుక వచ్చే మోటు హాస్యానికి నవ్వలేకపోయారు. సలహా కోసం పిలిపించిన దర్శకుడు జెరోమ్ రాబిన్స్, లోపమంతా ఆ మొదటి పాటతోనే వస్తున్నదని పట్టుకున్నారు. అప్పుడు సాండ్‌హైమ్ రాసిన ‘కామెడీ టునైట్’, ఈ రాత్రి ఇక్కడ జరిగేది హాస్యమని తెర లేస్తూనే ప్రకటించింది. నాటకం 964 ప్రదర్శనలు నడిచింది. ఈ రెండు పాటల్లో ఏది మధురం అని అడిగితే జవాబు ఎలాగైనా రావచ్చు గాని, ఆ జవాబుతో ఈ మార్పు అర్థం కాదు.

అదే రచయిత 1970 నాటి ‘కంపెనీ’ మరింత నింపాదిగా చదవదగినది. ఇక్కడ పాత పాట పూర్తిగా పోకుండా కొత్త పాటలోకి చేరింది. పెళ్లి విషయంలో ఎటూ తేల్చుకోలేని రాబర్ట్ నాటకం చివర ఏం పాడాలన్నది సాండ్‌హైమ్‌కు ఒక పట్టాన తెగలేదు. న్యూయార్క్‌కు రాకముందు బోస్టన్‌లో ఆడిన ప్రదర్శనల్లో ఆ చోట ఉన్నది ‘హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్’. మరీ దగ్గరగా హత్తుకునే మనిషి, మరీ లోతుగా గాయపరిచే మనిషి అంటూ జతగా బతకడంలోని బాధలను ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టి, ఒంటరితనమే మేలని వాదించే పాట అది. దర్శకుడూ నిర్మాతా అయిన హ్యారొల్డ్ ప్రిన్స్‌కు ఆ ముగింపు మరీ చేదుగా తోచింది. దాని స్థానంలో వచ్చిన ‘బీయింగ్ అలైవ్’ దాదాపు ఆ ఫిర్యాదులతోనే మొదలవుతుంది. మధ్యమధ్య స్నేహితులు మాటలతో అతణ్ణి కదిలిస్తారు. ఆ తరువాత, అంతవరకు ‘నిన్ను’ అని ఉన్నచోట ‘నన్ను’ అని వస్తుంది, దెప్పుడుగా ఉన్న వాక్యం వేడుకోలుగా మారుతుంది. తుది ప్రతిని మాత్రమే చదివినవారికి ఇది మంచి చమత్కారంగా కనిపిస్తుంది. రెండూ చదివినవారికి, రచయిత తన వాదనకు తానే బదులు చెప్పుకున్న సంగతి తెలుస్తుంది. పాత ముగింపే నిజాయితీగా ఉందనేవారి మాటను నేను కొట్టిపారేయను గాని, అంతటి నిరాకరణకు మొదటి అంకం నుండే సిద్ధపరచిన నాటకం వేరుగా ఉండాలి.

ఒక్క మాట మార్పును కూడా తేలికగా తీసుకోవద్దు. 1943లో వచ్చిన ‘ఓక్లహోమా!’ తొలి పాటలో మొక్కజొన్న చేను గుర్రం కంటి ఎత్తుకు పెరిగిందని పాటల రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్ మొదట రాసుకున్నారు. తీరా దగ్గరలోని పొలానికి వెళ్లి చూస్తే చేను అంతకంటే ఎత్తుగా ఉంది. గుర్రం పోయి ఏనుగు వచ్చింది.

ఇక ఆచరణలో పనికివచ్చే సంగతి ఒకటి. రిహార్సల్స్‌కు ముందు టైపు చేసిన ప్రతి, బయటి ఊరి ప్రదర్శనకు అచ్చువేసిన పాటల వరుస, న్యూయార్క్‌లో తెర లేచిననాటి ప్రతి అనేవి మూడు వేర్వేరు దశలు. వీటిని కలిపి ‘తొలి ప్రతి’ అని ఒకే పేరుతో పిలిస్తే, రచయిత తనంతట తాను మార్చుకున్నదేదో, ప్రేక్షకుల స్పందన చూసి మార్చినదేదో విడదీయడం కుదరదు. ప్రతి ఏ దశదో తేల్చుకున్న తరువాతే పోలిక మొదలుపెట్టండి.

ప్రశ్న: ప్రదర్శనలు మొదలైన తరువాత కూడా నాటకం మారుతూనే ఉంటుంది కదా. మరి ‘తుది ప్రతి’ అని దేనిని అనాలి?

జవాబు: ‘షో బోట్’ చదివినవారు ఈ ప్రశ్న వేయక మానరు. జెరోమ్ కెర్న్ సంగీతం, హామర్‌స్టైన్ రచనతో 1927 నవంబర్ 15న వాషింగ్టన్‌లో ప్రారంభమైనప్పుడు ఆ నాటకం నాలుగు గంటలు దాటింది. డిసెంబర్ 27న న్యూయార్క్ చేరేలోగా చాలా భాగం కత్తిరించారు. అలా పోయినవాటిలో ‘మిజరీస్ కమిన్ అరౌండ్’ అనే విషాదగీతం ఒకటి. నిర్మాత జీగ్‌ఫెల్డ్‌కు ఆ పాట గిట్టలేదు. అయినా దాని బాణీ ప్రారంభ వాద్యసంగీతంలో మిగిలిపోయింది. ఎవరూ పాడని పాట ఆ నాటకానికి నాందిగా నిలవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. 1946 పునఃప్రదర్శనకు కర్తలే మళ్లీ మార్పులు చేసి, ఒక కొత్త పాట చేర్చారు. 1982లో న్యూజెర్సీలోని సీకాకస్‌లో ఒక గిడ్డంగిలో పాత స్వరప్రతులు బయటపడ్డాయి. సంగీత నిర్వాహకుడు జాన్ మెక్‌గ్లిన్ 1988లో విడుదల చేసిన రికార్డింగ్‌లో, తీసివేసిన సంగీతాన్ని కూడా వినిపించారు. కాబట్టి ఈ నాటకం విషయంలో ‘తుది’ అనే మాట పక్కన సంవత్సరం కూడా వేసి మాట్లాడటం మంచిది.

ప్రశ్న: తీసివేసిన పాటలను రచయితలు పారవేస్తారా?

జవాబు: బాణీని పారవేసేవారు అరుదు. ‘సౌత్ పసిఫిక్’ (1949)లోని ‘యంగర్ దాన్ స్ప్రింగ్‌టైమ్’ బాణీని రిచర్డ్ రోజర్స్ మొదట ‘అలెగ్రో’ (1947) కోసం కట్టారు. అందులో అది నిలవలేదు. ‘సౌత్ పసిఫిక్’లో ఒక యువ సైనికుడు ప్రేమగీతం పాడే ఆ చోట అంతకుముందు అనుకున్న మరో బాణీ పక్కకు పోయి, 1951లో ‘ద కింగ్ అండ్ ఐ’ బోస్టన్‌లో ఆడుతున్నప్పుడు, పిల్లలతో కలిసి పాడే పాట ఒకటి కావలసివచ్చి, కొత్త సాహిత్యంతో ‘గెటింగ్ టు నో యూ’ అయింది. యువ సైనికుడి ప్రేమగీతం కోసం పుట్టిన బాణీని ఇప్పుడు ఒక పంతులమ్మ తన శిష్యులతో కలిసి పాడుతుంది.