తాబేలు వల్ల మనకేం ఒరుగుతుంది?

ప్రశ్న: మాస్టారూ, సీజన్ వస్తే మా బీచ్‌లో తాబేలు గుడ్లు ఏరి, కంచె కట్టి కాపాడుతున్నారు. మా నాన్న బోటు మీద వేటకెళ్తాడు. “వీటివల్ల మనకేం ఒరుగుతుందే?” అన్నాడు. డిగ్రీ చదువుతున్నా గానీ జవాబు తోచలేదు.
– ఓ పాఠకురాలు, పెదజాలారిపేట, విశాఖపట్నం

జవాబు: పెద్దపెద్దవాళ్లు పేచీ పడ్డ ప్రశ్నేనమ్మా అది. అమెరికా అటవీ సర్వీసు తొలి అధిపతి గిఫర్డ్ పింఛోది మీ నాన్న పక్షమే: అడవి ఉన్నది జనం కోసం, ఎక్కువమందికి ఎక్కువకాలం పనికొచ్చేలా వాడుకోవాలి. ప్రకృతి ప్రేమికుడైన రచయిత జాన్ మ్యూర్ కాదన్నాడు, అడవిని అడవిగానే ఉంచాలన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో తాగునీళ్ల కోసం హెచ్‌హెచీ లోయలో ఆనకట్ట కడతామంటే ఆయన అడ్డుపడ్డాడు, అయినా 1913లో అనుమతి వచ్చింది. మ్యూర్ ఓడిపోయాడు.

“తాబేలు జెల్లీ చేపల్ని తింటుంది, మనకు మేలేగా” అని నువ్వూ వాదించొచ్చు. వద్దు. పద్దు తెరిస్తే ఖర్చూ రాయాలి. మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లీ పీతల్నీ రొయ్యల్నీ కూడా తింటుంది. రొయ్య ధర మీ నాన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు!

ఈ మెలిక అమెరికా పర్యావరణ రచయిత ఆల్డో లియోపోల్డ్ పట్టుకున్నాడు. పాడే పిట్టలు తగ్గిపోతుంటే, అవి లేకపోతే పురుగులు మనల్ని తినేస్తాయంటూ పక్షిశాస్త్రజ్ఞులు అరకొర సాక్ష్యాలతో పరిగెత్తుకొచ్చారట. డబ్బు లెక్క చూపిస్తేనే పిట్ట బతకాలా అని ఆయన గొడవ. మట్టి, నీరు, చెట్టు, జంతువు అన్నీ ఒకే ఊరివి, అందులో మనిషీ ఒకడే గానీ మోతుబరి కాదన్నాడు. ఇదంతా రాసిన ‘ఎ శాండ్ కౌంటీ అల్మనాక్’ పుస్తకం ఆయన పోయిన మరుసటేడు, 1949లో వచ్చింది. మన సుప్రీంకోర్టూ 2013లో గిర్ సింహాల కేసులో, మనిషి లాభం సంగతి పక్కనపెట్టి ఆ జాతికి ఏది మంచిదో చూడాలంది. నాదీ అదే మాట.

అయితే మీ నాన్న కోపంలో న్యాయముంది. మనుషుల్ని దూరంపెట్టి అడవిని కాపాడాలనే విదేశీ సిద్ధాంతాన్ని పేదదేశాల మీద రుద్దితే బరువు మోసేది పేదవాళ్లేనని చరిత్రకారుడు రామచంద్ర గుహ 1989లోనే ఎత్తిచూపారు. తాబేలు గాలి పీల్చే ప్రాణి. బోటు వెనకాల ఈడ్చుకెళ్లే ట్రాలు వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలకు చువ్వల చట్రం, పైన చిన్న తలుపు పెడితే బయటపడుతుంది, దాంతోపాటు కాసిని చేపలూ పోతాయి. ఆ నష్టం బోటువాళ్ల నెత్తినే ఎందుకు పడాలి? గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్నవైపు పాకుతుంది. సముద్రం వదిలేసి బీచ్‌రోడ్డు లైట్ల కేసి పోతోందంటే, ఆ లైట్లు మీ పేటవాళ్లు పెట్టుకున్నవి కావుగా. ముందు అవి ఆర్పమని మీ నాన్నను అడగమను.