వీపు మీద బ్లోయర్ ఉండగానే పెట్రోల్ పోయొచ్చా?

ప్రశ్న: ఆకులు ఊడ్చడానికి వీపుకి తగిలించుకునే పెట్రోల్ బ్లోయర్ కొన్నామండి. మధ్యలో పెట్రోల్ అయిపోతే దించకుండా వెనకనుంచి ఇంకొకరు పోసేయొచ్చా? చెవుల్లో దూది పెట్టుకుంటే చాలా?

జవాబు: అమ్మో, ఆ పని మాత్రం చేయకండి! కాలుతున్న సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడ్డా మంట మీ వీపు మీదే కదా. ఇంజిన్ ఆపి, కింద పెట్టి, చల్లారాక పోసి, మూత గట్టిగా బిగించి, ఒలికింది తుడిచేసి, పోసిన చోటునుంచి కనీసం 3 మీటర్లు అవతలికి తీసుకెళ్ళి అప్పుడు స్టార్ట్ చేయండి, అదీ నేల మీద పెట్టే. టూ స్ట్రోక్ ఇంజిన్ అయితే ఉత్త పెట్రోల్ పోయకూడదు, టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి, చాలావాటికి 50:1 అంటే లీటరుకి 20 మి.లీ., అయినా మీ మాన్యువల్లో ఎంతుంటే అంతే.

దూది దండగండి. 85 డెసిబెల్స్ దాటిన శబ్దం రోజూ గంటల తరబడి వింటే వినికిడి పోతుంది, ఇవి అంతకన్నా గట్టిగానే అరుస్తాయి, చెవుల్ని పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్‌లు కొనండి. కళ్ళకి రక్షణ అద్దాలు, దుమ్ముంటే మాస్కు సరేసరి. జుట్టు ముడేసుకోండి, చున్నీలాంటివి వద్దు, బ్లోయర్ గాలితోపాటు వాటినీ లోపలికి లాగేస్తుంది. మనుషులు 15 మీటర్ల అవతల ఉండాలి. ఇక గ్యారేజీలో, షెడ్డులో అసలు ఆన్ చేయొద్దు, పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.