టైంటేబులు వేసే ముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి శారదకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. విజయవాడలో హైస్కూలుకు ప్రధానోపాధ్యాయురాలివయ్యావని సంతోషించేలోపే, ఎనిమిది, తొమ్మిది తరగతుల డ్రాయింగు, సంగీతం పీరియడ్లను ఐఐటీ ఫౌండేషనుకు ఇచ్చేయమని యాజమాన్యం అడుగుతున్నదనీ, ఏం జవాబివ్వాలో తోచడం లేదనీ రాశావు. జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ణి గనుక నేను ఫౌండేషను పక్షమే వహిస్తానని నువ్వు భయపడి ఉంటే తప్పు పట్టను.

అసలు ఇది డ్రాయింగుకూ ఫిజిక్సుకూ మధ్య తగవు కాదమ్మా. బొమ్మలు వేయించని బడిలో ప్రయోగాలూ చేయించరు. లైబ్రరీ తాళం తుప్పు పట్టిన చోట ల్యాబు తాళం మెరుస్తూ ఉండడం నేనెక్కడా చూడలేదు. రెండింటి వేళనూ మింగుతున్నది స్లిప్ టెస్టు. అందుచేత డ్రాయింగు కోసం ల్యాబు పీరియడును తగ్గించకు. తగ్గిస్తే స్లిప్ టెస్టులను, సాయంత్రం స్టడీ అవరును తగ్గించు. దేనికెన్ని పీరియడ్లని తూకం వేయడం కంటే, ఇచ్చిన పీరియడు ఆ పనికే జరిగేటట్టు చూడడం ముఖ్యం. శనివారం ఆఖరి పీరియడును డ్రాయింగుకు ఇచ్చావంటే ఇవ్వనట్టే లెక్క. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ తరగతికి డ్రాయింగు మాస్టారు కాపలా, డ్రాయింగు మాస్టారు సెలవు పెడితే లెక్కల మాస్టారికి పండుగ. మన బళ్లలో జరిగేది ఇదే.

ఆ పండుగ నేనూ చేసుకున్నాను. ఒక ఏడాది పదో తరగతి డ్రాయింగు పీరియడ్లన్నీ అడిగి తీసుకొని క్షేత్రమితి సూత్రాలు వల్లె వేయించాను. క్వార్టర్లీలో అర్ధగోళం మీద శంకువును అమర్చిన బొమ్మకు రంగు వేయాలంటే ఎంత వైశాల్యమని అడిగితే, సగం తరగతి, అందులో ఫస్టు ర్యాంకు పిల్లవాడు కూడా, రెండింటి సంపూర్ణతల వైశాల్యాలనూ, అంటే అడుగు వృత్తాలతో సహా, కలిపేశారు. అతుకు లోపల దాగిపోయిన వృత్తానికి రెండుసార్లు రంగు పడింది! పటం గీసినవాడు ఒక్కడూ లేడు, గీసి ఉంటే ఆ వృత్తం బయటికి కనబడదని వాళ్లకే తెలిసేది. ఆ పేపర్లు దిద్దుతూ నేను సిగ్గుపడ్డాను. సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రితం పావులూరి మల్లన అనే కవి మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకొనేవాణ్ణి నేనే మరి.

పీరియడ్లు కాపాడాక, ఏడాదికి ఒక్క పాఠమైనా నలుగురు టీచర్లు కలిసి చెప్పేటట్టు చూడు. నీ ఊళ్లోనే దానికి సరుకు ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు, మొత్తం సెకనుకు ఎన్ని లీటర్లో పిల్లల చేతనే కట్టించు, మూడు కోట్లు దాటేసరికి వాళ్లే నోరు తెరుస్తారు. అయితే సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు వాగు. ఆ తేడా తెలియాలంటే పటం గీయాలి, అది డ్రాయింగు మాస్టారి పని. పల్లపు నేలలో ఇళ్లు ఎవరు కట్టుకున్నారు, ఎందుకు కట్టుకున్నారు అన్నది సోషల్ టీచరు అడగాలి. దానికి ఏ సూత్రమూ జవాబివ్వదు. మేడ మీద రోజుల తరబడి గడిపిన అమ్మమ్మ ఏం తిన్నదో, ఏం పోగొట్టుకున్నదో ఆమె మాటల్లోనే రాసుకొని రమ్మని తెలుగు టీచరు చెప్పాలి. ఆ వ్యాసాన్ని గైడులో చూసి రాయడానికి వీలుండదు.

వార్షికోత్సవం పేరుతో నెల రోజులు సినిమా పాటలకు డాన్సులు నేర్పించి దానికే కళ అని పేరు పెట్టేవాళ్లను కూడా దూరంగా ఉంచు. వాళ్ల వల్ల జరిగే నష్టం ఫౌండేషను వాళ్ల వల్ల జరిగేదానికి తక్కువేమీ కాదు.

యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ‘సర్వతోముఖాభివృద్ధి’ వంటి మాటలు వాడకు, వాళ్లు వాటిని కరపత్రాల్లో వేసి వేసి అరగదీశారు. కళలకూ విజ్ఞాన శాస్త్రాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన పేజీని జిరాక్సు తీయించి బల్ల మీద పెట్టు. తల్లిదండ్రుల సమావేశంలో ర్యాంకులను నిందించకు. వాళ్లు అప్పులు చేసి ఫీజులు కడుతున్నారు, ఆ భయం నిజమైనది. వరద పాఠం రాసిన నోటుబుక్కు వాళ్ల చేతికిచ్చి, చదవడానికి కాస్త వ్యవధి ఇవ్వు.

జూన్ 12న బళ్లు తెరవకముందే టైంటేబులు చిత్తుప్రతి పంపించు. డ్రాయింగు మాస్టారికి జీతం ఎంత ఇస్తున్నారో కూడా రాయి, నేను ముందుగా చూసేది అదే.

ఆశీస్సులతో,
మీ లెక్కల మాస్టారు