ఇయాయిడో మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఇయాయిడో మీద, అంటే ఒరలోంచి కత్తి దూస్తూనే వేటు వేసే జపాన్ విద్య మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే ఈ విద్యకి మూలపురుషుడని చెప్పే హయాషిజాకి జిన్‌సుకేని దింపేశావు. తండ్రిని చంపినవాడి మీద పగ, గుడిలో దీక్ష, దేవుడిచ్చిన విద్య... చదివించే కథే. కానీ "నేటి కటాలన్నీ (ముందే నిర్ణయించిన కదలికల వరుసలు) ఆయన చలవే" అన్నావు చూడు, అక్కడ ఒప్పుకోలేకపోయాను. ఆయన 16వ శతాబ్దంవాడు. మధ్యలో ఉన్న గురువులంతా ఏమైపోయారు?

మూలం దగ్గర మొదలుపెట్టకు. ఇవాళ్టి నుంచి వెనక్కి నడువు. అఖిల జపాన్ కెండో సమాఖ్య ఇయాయిడో కటాలు 12. 1969లో 7 పెట్టారు, 1980లో 3, 2000లో ఇంకో 2 చేర్చారు. ఇంకాస్త వెనక్కెళితే ఓఎ మసామిచి (1852-1927) కనిపిస్తాడు. 1876లో ప్రభుత్వం నడుముకి కత్తి కట్టుకోవడాన్నే నిషేధించింది. ఆ తర్వాతి కాలంలో తోసాలో, అంటే ఇప్పటి కోచిలో, ఎయిషిన్ ర్యూ (ర్యూ అంటే సంప్రదాయం) పాఠాలను కొత్తగా సర్దింది ఆయనే. అంతకుముందు ఎడో (నేటి టోక్యో) నుంచి ఆ విద్యను తోసాకి తెచ్చింది హయాషి రొకుదయూ అంటారు.

ఆ విద్యలో తొలి పాఠాలైన ఒమోరి ర్యూ కటాల గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అసలు తవ్వాల్సింది అక్కడే. వాటిలో చాలావరకు సెయిజాలో, అంటే మోకాళ్లు మడిచి కూర్చుని, నడుముకి పొడవు కత్తితో మొదలవుతాయి. కానీ సమురాయ్ ఇంట్లోకి వెళితే పొడవు కత్తి తీసేసేవాడు, చిన్నది మాత్రమే నడుముకి ఉంచుకునేవాడు. మరి ఈ కటా ఏ పోరాటానికి నకలు? బహుశా దేనికీ కాదు, కాళ్లకీ నడుముకీ పట్టు రావడానికి పెట్టిన సాధన అని నా అనుమానం. నువ్వు గురువుల్ని అడుగు.

ఇంకో దారి పోలిక. తోసాలో ఈ విద్య తానిమురా, షిమొమురా అని రెండు శాఖలైంది. నకయామా హకుదో షిమొమురా శాఖలో నేర్చుకుని ముసో షిన్‌దెన్ ర్యూకి మూలపురుషుడయ్యాడు. అందులో మొదటి కటా పేరు షోహత్తో. తానిమురా శాఖ నుంచి వచ్చిన ముసో జికిదెన్‌లో దాన్నే మాయె అంటారు. తాళపత్ర ప్రతుల్ని పక్కపక్కన పెట్టి పాఠం తేల్చినట్టు, రెండింట్లోనూ ఒకేలా ఉన్న కదలికలు ఏరు. అవి చీలికకు ముందువి అయ్యే అవకాశం ఎక్కువ. అలాగని గుడ్డిగా నమ్మెయ్యకు, ఓఎ రెండు శాఖల్లోనూ నేర్చుకున్నవాడే.

జిన్‌సుకే కథ తీసెయ్యమనడం లేదు. యమగాతాలో ఆయన పేరుతో ముడిపడ్డ గుడి ఉంది, సాధకులు ఇప్పటికీ అక్కడికి వెళతారు. "అని చెబుతారు" అన్న ముక్క చేర్చి చివర్లో పెట్టు, చాలు.

ముందు సెయిజా పేరా తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య