చేతి కార్డు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకురాలు): మా పిన్ని టీచరుగా రిటైరవుతోంది. నా చేత్తో చేసిన కార్డు ఇవ్వాలని ఉంది. తెల్ల అట్ట ముందేసుకుని కూర్చుంటే గంటైనా ఏమీ తోచడం లేదు. ఫోన్ తీస్తే వందల కార్డులు కనిపిస్తాయి కానీ ఏది చేసినా నకలులాగే ఉంటోంది. కొత్త ఊహ ఎట్లా వస్తుంది?

జవాబు: అట్ట బీరువాలో పెట్టేయండి, ఫోను కూడా. ఒక చీటీ తీసుకుని పిన్ని గురించి మూడు సంగతులు రాయండి: ఎక్కువగా ఏ రంగు కడుతుంది, ఆమె చేతిలో ఎప్పుడూ కనిపించే వస్తువేది, మీ ఇద్దరికే తెలిసిన మాట ఏది. ‘మంచిది, ప్రేమగా చూస్తుంది’ లాంటివి రాయొద్దు. అవి నిజమే, కానీ వాటికి రూపం ఉండదు, బొమ్మకు పనికిరావు. ‘ఎర్రసిరా పెన్ను’, ‘వెంకటగిరి చీర’, ‘చాక్‌పీసు పొడి అంటిన చెయ్యి’ అని రాస్తే అందులోనే కార్డు ఉంది.

తర్వాత మామూలు నోటుపుస్తకం కాగితం మీద 3 × 4 సెం.మీ. గళ్లు ఆరు గీయండి. ఒక్కో గడిలో రెండు నిమిషాలు మించకుండా పెన్సిలుతో ఒక్కో ఊహ పడేయండి. మొదటి రెండు గళ్లలో ఫోన్లో చూసిందే వస్తుంది: గులాబీ, కేకు, బెలూన్లు. రానివ్వండి. అవి బయటికి పోతేనే నాలుగో గడికి మీ సొంతది వస్తుంది. చాలామంది మొదటి గడి దగ్గరే ఆగి అట్ట కోసేస్తారు, నకలు అయ్యేది అక్కడే.

ఇప్పుడు వెంకటగిరి చీరనే తీసుకుందాం. చీరంతా బొమ్మ వేయక్కర్లేదు. ఆ నేత అందం కొలతలో ఉంది: ఒళ్లంతా ఖాళీ, అక్కడక్కడా చిన్న జాందానీ (నేతలోనే వేసే) బుటా, చివర జరీ అంచు. ఆ కొలతను కార్డుకు తెండి. 105 × 148 మి.మీ. కార్డుకు కుడి అంచున 20 మి.మీ. బంగారు కాగితం పట్టీ అంటించండి, 3 మి.మీ. వదిలి 2 మి.మీ. సన్నపట్టీ వేయండి. మిగతా చోట 6 మి.మీ. ఎత్తున్న మామిడి పిందెలు, ఒక్కోదానికి మధ్య 18 మి.మీ. దూరం, వరస తప్పించి. పిందె అచ్చుకు పెన్సిలు చెరిపే రబ్బరును బ్లేడుతో చెక్కితే చాలు. అచ్చును స్టాంపు ప్యాడ్ మీద అద్ది, కార్డు మీద నొక్కి తిప్పకుండా నిటారుగా ఎత్తాలి, పక్కకు జరిపితే అంచు అలుక్కుపోతుంది. చోటు ఖాళీగా ఉందనిపించి ఇంకా బుటాలు వేయబుద్ధవుతుంది. ఆగండి. ఆ ఖాళీ పోతే అది వెంకటగిరి కాదు, గిఫ్టుల మీద చుట్టే కాగితం.

చీర కాకపోతే చుట్టూ ఇంకా ఉన్నాయి. చీమకుర్తి నల్ల గ్రానైట్‌లో బంగారు మెరుపులు చూశారా? అవి బ్రాంజైట్ అనే ఖనిజపు తునకలు. నల్ల అట్ట మీద పాత టూత్‌బ్రష్‌తో బంగారు పోస్టర్ కలర్ చిలకరిస్తే అదే మెరుపు వస్తుంది, కొత్త సంవత్సరపు రాత్రి ఆకాశంలానూ ఉంటుంది. రంగు చిక్కటి పాలలా ఉండాలి. మజ్జిగలా పల్చబడితే పెద్ద బొట్లు పడి కారతాయి. బ్రష్ అట్టకు జానెడు ఎత్తున పట్టుకుని, మొదటి రెండు మూడు చిలకరింపులు పాత పేపరు మీద వేయండి. పెద్ద బొట్లు రాలేది అప్పుడే.

సంక్రాంతి కార్డుకు చుక్కల ముగ్గును దారంతో కుట్టవచ్చు. 7 చుక్కల సందు ముగ్గు చాలు. అట్ట కింద పాత రబ్బరు చెప్పు పెట్టి సూదితో ముందు బెజ్జాలు పొడవండి. బెజ్జానికి బెజ్జానికి కనీసం 4 మి.మీ. ఉండాలి, దగ్గరైతే దారం లాగినప్పుడు అట్ట చిరుగుతుంది.

ప్రశ్న (ఒంగోలు నుంచి): నాన్నగారి పుట్టినరోజుకు కార్డు తెరవగానే ఒంగోలు గిత్త లేచి నిలబడేలా చేశాను. మూస్తే మాత్రం కొమ్ములు బయటికి పొడుచుకొస్తున్నాయి. మడతకు ఇటూ అటూ 40 మి.మీ. చొప్పున రెండు కోతలు కోశాను. గిత్త ఎత్తు 80 మి.మీ.

జవాబు: మీ కార్డు ఒక్కో రెక్క 105 మి.మీ. ఉందనుకుందాం. రెండు కోతల మధ్య పట్టీ కార్డు తెరిస్తే మెట్టులా ముందుకొస్తుంది. ఆ మెట్టు లేచినప్పుడు గిత్త కాళ్లు మడతకు 40 మి.మీ. దూరంలో ఉంటాయి. కార్డు మూయగానే అది మడత నుంచి బయటివైపుకు పడుకుంటుంది. అంటే 40కి 80 కలిపి 120. కార్డు 105. బయటికొచ్చిన ఆ 15 మి.మీ.లే మీ కొమ్ములు. మెట్టు దూరం, బొమ్మ ఎత్తు రెండూ కలిపితే 100 దాటకూడదు. కోత 30 చేసి గిత్తను 70కి తగ్గించండి.

గిత్త కొమ్ములు పొడుగ్గా వేశారేమో కూడా చూడండి. ఒంగోలు జాతి కొమ్ములు పొట్టి, మొదట్లో లావు. పొడుగు కొమ్ములు వేస్తే అది వేరే జాతి పశువైపోతుంది, ఒంగోలు మనిషికి ఇస్తున్న కార్డు కనక వెంటనే పట్టేస్తారు. గొప్పగా కనిపించాల్సింది మూపురం, మడతలు పడిన గంగడోలు. తెల్లటి ఒళ్లు, మెడమీదా మూపురం మీదా బూడిద నీడ పెన్సిలుతో వేయండి.

జిగురు మెట్టు ముందు ముఖానికే రాయాలి. కాళ్లను అడుగు రెక్కకు కూడా అంటిస్తే బొమ్మ పడుకోదు, చిరుగుతుంది. కోతల వల్ల వెనక ఏర్పడిన కంతను కప్పడానికి మరో అట్ట వెనక అంటించండి, మెట్టు వెనక మాత్రం జిగురు తగలనివ్వొద్దు.

ప్రశ్న (నెల్లూరు నుంచి): మడతపెట్టిన చోట అట్ట పగిలి తెల్లగా కనిపిస్తోంది. ఫెవికాల్ రాసిన చోట అలలు లేస్తున్నాయి.

జవాబు: రెండూ వేరు వేరు జబ్బులు. అట్టకు బట్టకు ఉన్నట్టే పోగు వాటం ఉంటుంది. వాటానికి అడ్డంగా మడిస్తే పగులుతుంది. పెద్ద చార్టును ఎటుపడితే అటు కోసినప్పుడు ఈ చిక్కు వస్తుంది. అట్టను పగలకుండా మెల్లగా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి, ఎటు సులువుగా వంగితే ఆ మడతే సరైనది. 250 నుంచి 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మందపాటి అట్ట అయితే మడిచే ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో బయటివైపు గీత నొక్కాలి. బ్లేడుతో గీస్తే నాలుగు రోజుల్లో తెగుతుంది.

ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. తడి పీల్చిన వైపు కాగితం ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. సీసా నుంచి నేరుగా పిండకుండా అట్టముక్కతో పల్చగా, అంటించే ముక్కకే రాయండి. పైన తెల్లకాగితం, దానిమీద బరువైన పుస్తకాలు రాత్రంతా పెట్టండి. అరచేతికన్నా పెద్ద ముక్కలకు రెండువైపులా అంటుకునే టేపు నయం, కాకపోతే ఒకసారి అంటితే జరపలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు కదా, చేసిన కార్డులను పాలిథిన్ కవర్లో పెట్టి బల్లపరుపుగా ఉంచండి.

ప్రశ్న (పొదిలి నుంచి): మల్లెపూలు పుస్తకంలో ఒత్తి కార్డుకు అంటించాలనుకున్నాను. గోధుమరంగుకు తిరిగాయి.

జవాబు: మల్లె ఒత్తితే తెల్లగా మిగలదు. కాగితపు పూల రేకలు, ఫెర్న్ ఆకులు, వేపచిగురు తీసుకోండి. చామంతి మొత్తంగా ఒత్తితే మధ్యలో తడి ఉండిపోయి బూజు పడుతుంది, రేకలు విడదీసి ఒత్తాలి. మంచు ఆరాక, పది గంటలప్పుడు కోసి న్యూస్‌పేపరు మడతల మధ్య పెట్టండి. మొదటి రోజు, రెండో రోజు, నాలుగో రోజు పేపరు మార్చాలి. మొత్తం రెండు మూడు వారాలు.

ప్రశ్న (ఆత్మకూరు నుంచి): కార్డు బాగా వస్తుంది, లోపల రాసేటప్పుడే పాడవుతోంది.

జవాబు: ముందే రాయండి, తర్వాత అంటించండి. లోపలి మాటలు విడిగా 100 × 140 మి.మీ. తెల్లకాగితం మీద రాసి, సరిగ్గా వచ్చినదాన్ని కార్డులో అతికించండి. పెన్సిలుతో 8 మి.మీ. ఎడంతో లేతగా గీతలు గీసుకుని, సిరా పూర్తిగా ఆరాక, కనీసం పది నిమిషాలు ఆగి చెరపండి. నున్నటి అట్ట మీద జెల్ పెన్ను అలుక్కుపోతుంది, బాల్‌పెన్ను వాడండి. ఏం రాయాలన్న బెంగ ఉంటే, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఎలా పిలుస్తారో ఆ పిలుపుతోనే మొదలుపెట్టండి.